బ్రేకుమీద పాదము

మా యూరు నాగర్‌కర్నూలు. పెద్దలు నేటికిని దీనిని కందనూలనియే పిలుతురు. పూర్వము బండ్లవారు ఇచట నాగి ఇరుసులకు కందెన వేసికొనెడివారనియు, అందుచేతనే యూరికి ఆ పేరు వచ్చినదనియు చెప్పుకొందురు. నిజానిజములు పండితులు తేల్చవలసినవే గాని, మా యింటి ముంగిలి చూచినవారు మాత్రము ఆ కథను కాదనజాలరు. అచట నొక పాత అంబాసిడరు కారు నిలిచియుండును. దాని క్రింద కందెన మరక లేని దినము లేదు.

ఈ కార్ల తయారీ పశ్చిమ బెంగాలునందలి ఉత్తరపాడాలో 1957లో మొదలై 2014లో ఆగిపోయినది. మాది మామగారి నాటిది. విడిభాగములు దొరకుట కష్టము. బాగుచేయ నేర్చిన పనివారును తగ్గిపోవుచున్నారు. కావున ఆదివారములందు మావారు తామే విప్పి బిగింతురు. మేము సహాయకులము.

సోదరీమణులారా, సహాయమనగా పానాలందించుట యని మీరనుకొనవచ్చును. మొదట మేమును అట్లే యనుకొంటిమి. ఒక మాఘమాసములో ఇంజను ముందుభాగమున నూనె కారసాగినది. లోపల తిరుగు ఇరుసు వెలుపలికి వచ్చు తావున నొక నూనె సీలు కలదు. దానిని మార్చవలెనన్న రేడియేటరు తీసి, ఫ్యాను బెల్టును త్రిప్పు పుల్లీని ఊడదీయవలెను. ఆ పుల్లీని పట్టియుంచునది ఒక్కటే పెద్ద నట్టు. సీలు మార్చుట సులభముగనే జరిగినది. చిక్కంతయు ఆ నట్టును మరల బిగించుటలో వచ్చినది.

ఏమనగా, ఆ నట్టు ఉన్నది తిరుగు ఇరుసుమీదనే. పానా వేసి త్రిప్పినచో నట్టుతోబాటు ఇంజనే తిరిగిపోవును. సీసామూత బిగించునపుడు రెండవచేత సీసాను పట్టుకొందుము గదా, మరి ఇంజనును ఏ చేతితో పట్టుకొందుము? దానికి ఉపాయము కారులోనే యున్నది. చక్రములకు రాళ్లు పెట్టి, కారును నాలుగవ గేరులో నుంచి, కాలిబ్రేకును గట్టిగా తొక్కిపట్టవలెను. గేరుద్వారా ఇంజను చక్రములతో ముడివడియుండును గనుక, చక్రములు కదలకున్న అదియు కదలదు. మొదటి గేరు బలమైనది గదా, అదేల వేయరాదని మేమడిగితిమి. మొదటి గేరులో ఇంజను త్రిప్పుబలము ఎన్నో రెట్లు హెచ్చి చక్రములను చేరును. దానిని నిలుపుటకు బ్రేకునకును అంత హెచ్చు బలము కావలెను. నాలుగవదానిలో నట్లు హెచ్చదు. మా పాదమే చాలును. పొరబాటున స్టార్టరు తిరిగినచో వ్రేళ్లు పోవునని బ్యాటరీ తీగను ముందే విప్పివేసిరి.

మేము బ్రేకు తొక్కి కూర్చుంటిమి. మావారు పానాకు ఇనుపగొట్టము తొడిగి బిగించుచు, “కదలనీయకు, ఇంకొక్క పావుచుట్టు” అనిరి. సరిగా అప్పుడే వంటింటినుండి పాలు పొంగి మాడు వాసన వచ్చినది. మా పాదము మాకు తెలియకయే లేచినది. రెప్పపాటులో మరల తొక్కితిమి. అంతలోనే పానా పావుచుట్టు తిరిగినది. మావారు “అయిపోయింది” అని చెమట తుడుచుకొనిరి.

తిరిగినది నట్టు కాదు, ఇంజను. ఆ సంగతి మాకొక్కరికే తెలియును. ఏల చెప్పలేదందురా? పాలకోసము పని చెడగొట్టినదను మాట పడవలెనని జంకు. అంత బిగించిన తరువాత పావుచుట్టుకేమగునులే యని మనస్సుకు సర్దిచెప్పుకొంటిమి.

శివరాత్రి రద్దీ తగ్గిన పిదప అత్తగారితోను చిన్నవానితోను శ్రీశైలమునకు బయలుదేరితిమి. అచ్చంపేట దాటి, మన్ననూరు వదలగానే నల్లమల అడవి. అది అమ్రాబాదు పులుల అభయారణ్యము. రాత్రివేళ ఆ దారిని వాహనములను విడువరు. కొంతదూరము పోగానే బానెట్టులో టకటకమని చప్పుడు మొదలైనది, ఎదుట ఎర్రదీపము వెలిగినది. మావారు కారాపి చూతురు గదా, పుల్లీ ఇటునటు ఊగుచున్నది, బెల్టు జారిపోయినది. బెల్టు లేనిదే ఫ్యానును నీటిపంపును తిరుగవు. పోయినచో ఇంజను కాలిపోవును. “నేనే గదా బిగించినాను, ఎట్ల వదులైంది?” అని వారు తమ్ముతామే ముమ్మారు నిందించుకొనిరి. మూడవమారు మేము సహింపలేక పాలసంగతి చెప్పివేసితిమి.

వారొక క్షణమూరకుండి, “ఆ రోజే చెప్తే రెండు నిమిషాల పని” అనిరి. అంతే. అత్తగారు మాత్రము, “నన్ను పిలిస్తే నేను పొయ్యి ఆర్పకపోదునా?” అనిరి. ఆమె మాటయే మాకెక్కువ తగిలినది.

ఇంజను చల్లారినంతనే బ్యాటరీ తీగ విప్పి, మావారు కారుక్రిందికి దూరి, అందినంతమట్టుకు పానా వేసిరి. మేము బ్రేకుమీద నిలిచితిమి. కోతులు వచ్చి పులిహోర మూటను కొనిపోయినవి, చిన్నవాడేడ్చినాడు, పిక్క పట్టుకొనిపోయినది, పాదమును మాత్రమెత్తలేదు. అట్లు కూర్చుండి బెర్తాబెంజి అను జర్మనుస్త్రీని తలచుకొంటిమి. 1888లో ఆమె భర్త చేసిన కారును తానే మాన్‌హైము నుండి ఫోర్జ్‌హైమునకు నడిపి, ఇంధనపు గొట్టము పూడిపోగా టోపీసూదితో శుభ్రపరచినది. ఆ సూదిని అందరును తలతురు. ఎత్తులలో బండిని త్రోసిన ఆమె యిద్దరు కుమారులను తలచువారు తక్కువ. మాకా దినమున వారే ఆప్తులుగా తోచిరి.

బెల్టు తగిలించి, మెల్లగా వెనుకకు మరలి, చీకటిపడకమునుపే మన్ననూరు చేరితిమి. ఆ మారు మల్లికార్జునుని దర్శనము లేదు.

ఇంటికి వచ్చి మరల అంతయు విప్పిరి. అదృష్టవశమున పుల్లీ చీల అరగలేదు. పాత వాషరుకు బదులు క్రొత్తది వేసిరి. గేరుపెట్టెయే ఊడదీసినపుడు బ్రేకు ఉపయోగపడదనియు, అప్పుడు స్పార్కుప్లగ్గు తీసి, కవాటములు రెండును మూసియున్న వేళ సిలిండరులోనికి మెత్తని నూలుత్రాడు కూరి ఇంజనును ఆపవచ్చుననియు మావారు చెప్పిరి. త్రాటికొన వెలుపలనే వ్రేలాడవలెనట. కవ్వపుత్రాటికి ఈ పనియు కలదా యని మేము నవ్వితిమి.

ఇప్పుడు మేము బ్రేకుమీద కూర్చుండుటకు ముందు అత్తగారు వంటింటి గుమ్మమున నిలిచి, “స్టవ్వు ఆర్పిన, ఇగ తొక్కు!” అని కేకవేయుదురు.