చిలకసరస్సు

జగన్నాథుని సేవింపబోవు మన సోదరీమణులు బరంపురము దాటినపిదప రైలుబండిలో కుడివైపున కూర్చుండుట మంచిది. రంభ స్టేషను మొదలు చాలదూరము చిలకసరస్సు కన్నులపండువుగా కానవచ్చును. వానకాలమున దీని విస్తీర్ణము 1,000 చదరపు కిలోమీటర్లను మించును.

చూపునకు సముద్రమువలె నున్నను ఇది సముద్రము గాదు. మంచినీటి చెరువును గాదు. ఉత్తరమున దయ, భార్గవి మొదలగు మహానదీశాఖలు తియ్యనీరు తెచ్చును. తూర్పున ఇసుకతిన్నెల సందున కడలినీరు లోనికి వచ్చును. ఈ రెండునీళ్ల పొత్తే యిచటి మత్స్యసంపదకు మూలము. పీతలును, పెద్దరొయ్యలును, కొన్నిజాతుల చేపలును ఇచట పెరిగి, సంతానమునకై సముద్రమునకు పోవును. పురిటికి పుట్టింటికేగు ఆడపడుచులవంటివే గదా! వాని పిల్లలు మరల ఆ దారినే లోనికి రావలెను.

ఆ దారి క్రమముగా ఇసుకచే పూడిపోయెను. నదుల ఒండ్రు అడుగున పేరుకొనెను. ఉప్పదనము తగ్గగా నీటిమొక్కలు దట్టముగా నల్లుకొనెను, చేపలు సన్నగిల్లెను. చేపలు తగ్గినచోట వలకన్నులు చిన్నవగుట లోకసహజము. రొయ్యల బేరము పెరిగినకొలది కలిగినవారు ఘేరీలను ఆవరణములు కట్టి నీటిని పంచుకొనిరి. 1993లో అంతర్జాతీయ రామ్సారు ఒడంబడికవారు చిలకను ఆపదలోనున్న సరస్సుల పట్టికలో చేర్చిరి. 1999లో ఘేరీల తగవు ముదిరి, సొరనా గ్రామమున పోలీసు కాల్పులలో నలుగురు ప్రాణములు గోల్పోయిరి.

పిమ్మట జరిగినది మెచ్చదగినది. క్రొత్తవలలు పంచలేదు, చేపపిల్లలను కొనితెచ్చి వదలలేదు. 2000 సెప్టెంబరులో ఇసుకతిన్నెను త్రవ్వి సముద్రమునకు క్రొత్త ముఖద్వారము తెరచిరి. దారి 18 కిలోమీటర్లు తగ్గెను. 1999-2000లో 2,000 టన్నులకు లోబడిన పట్టుబడి 2001-02లో 10,000 టన్నులు దాటెను. 2002లో ఆపదపట్టికనుండి చిలకపేరు తీసివేయబడెను. ఐనను ఇసుక ఒకచోట నిలుచునది గాదు. ఘేరీలును తొలగించినకొలది మరల మొలచుచు వచ్చినవి.

పురినుండి సుమారు 50 కిలోమీటర్ల దూరమున సాతపడా కలదు. అచట పడవయెక్కువారు డాల్ఫినులను వేగమే చూపుమని సరంగును తొందరపెట్టవలదు. దూరముననే యంత్రము నాపించి కొంతసేపు వేచియుండుడు. చేపలవెంట తిరుగుచు అవియే నీటిపైకి వచ్చును.