పెంచలకోనలో అడవికోడి, కొండగొర్రె

మైపాడు తీరంలో సముద్రం చూసి, నెల్లూరులో కారం దోసె తిని, పొదలకూరు మీదుగా రాపూరు బస్సెక్కాను. మాది కోనసీమ. కొబ్బరిచెట్లను మించిన ఎత్తు మా వైపు కనబడదు. ఇక్కడేమో పూట తిరక్కుండానే వెలిగొండలు ఎదురొచ్చాయి! దారిలో గొర్రెల మంద బస్సును ఆపేసింది. మన దేశపు గొర్రెల్లో ఈ నెల్లూరు జాతే పొడగరి.

పెంచలకోనలో నరసింహస్వామి దర్శనం చేసుకుని, మర్నాడు వేకువనే కోన వైపు నడిచాను. వాగు దగ్గర బాట రెండుగా చీలింది. ఎటు పోవాలో తెలియక నిలబడితే మేకలు కాసే ఒక పెద్దాయన చెయ్యి పైకెత్తాడు.

“మాట్లాడబాక సార్, కోడి కూస్తా ఉండాది.”

మా పుంజులు గొంతు సాగదీసి కూస్తాయి. ఇది నాలుగైదు ముక్కలు గట్టిగా పలికి టక్కున ఆపేసింది. కాసేపటికి పొదలోంచి బయటికొచ్చింది. బూడిదరంగు ఒళ్లు, మెడ ఈకల మీద మైనం అద్దినట్టు పసుపు చుక్కలు. గోదావరి దాటి మా మారేడుమిల్లి అడవులకు వెళితే ఉండేది ఎర్ర అడవికోడి. పెంపుడు కోళ్లకు ప్రధానంగా అదే మూలం. కానీ వాటి పసుపు చర్మానికి కారణమైన జన్యువు ఈ బూడిదరంగు కోడి నుంచే వచ్చిందని 2008లో శాస్త్రవేత్తలు తేల్చారు. సంక్రాంతి బరిలో దిగే మా పుంజుల పసుపు కాళ్లకు మూలం ఇక్కడుందన్నమాట!

కొండగొర్రె సంగతి అడిగితే పెద్దాయన ఒక చెట్టు మొదట్లోకి తీసుకెళ్లాడు. అక్కడ పెంటికల కుప్ప. అడుగున ఎండి తెల్లబడ్డవి, పైన నల్లగా మెరిసేవి.

“రోజూ ఈడికే వస్తాది. మంద గింద లేదు, ఒంటిగానే తిరగతాది.”

పేరుకే గొర్రె. నిజానికి అది రెండడుగుల ఎత్తు, ఇరవై కిలోల బరువుండే చిన్న జింకలాంటి జంతువు. మగదానికి చెవుల మధ్య రెండు కొమ్ములు, నుదుటి మీద మరో రెండు. దక్షిణాదిలో ఆ ముందరివి చాలాసార్లు బొడిపెల్లాగే ఉండిపోతాయి. భారత్, నేపాల్‌లలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా ఇది సహజంగా కనిపించదు. కోడికి ఊరూరా చుట్టాలే. దీనికి మిగిలిన దగ్గరి చుట్టం నీలుగాయి ఒక్కటే. కొండగొర్రెను చూడకపోయినా, ఆ ఉదయం అది అక్కడికి వచ్చి వెళ్లిందన్న సంబరం నన్ను వదల్లేదు.

మీరు వెళితే జనవరి, ఫిబ్రవరిలో వెళ్లండి. ఈ అడవి అభయారణ్యం, అటవీ శాఖ అనుమతి తీసుకుని ఊరివాళ్లను తోడు తీసుకెళ్లండి. కోడి కోసం తెల్లవారకముందే చేరుకోండి. కొండగొర్రె కోసం మాత్రం చెట్ల మొదళ్లు చూస్తూ నడవండి.