తొలగించిన ఆరు మెసేజీలు

జులై 8, 2024

తొమ్మిదో తరగతికి మొదటి గూగుల్ ఫారం పంపాను. రెండే ప్రశ్నలు. ఈ రోజు ఇంగ్లీషులో ఏం నేర్చుకున్నారు? పాఠం ఎంతవరకు అర్థమైంది, 1 నుంచి 5 లోపు? 31 మంది నింపారు. అందరిదీ 5. మొదటి ప్రశ్నకు సగానికి పైగా ‘గుడ్ లెసన్ టీచర్’ అనే. మూడో బెంచీ కుర్రాడు మాత్రం స్టాఫ్‌రూమ్ దాకా వచ్చి అడిగాడు, “నాలుగు పెడితే మీకు కోపమొస్తాదా టీచర్?” అని. వాళ్లను వాళ్లు చూసుకోమని పంపిన ఫారం, వాళ్ల లెక్కలో నాకు వేసే ఓటు.

జులై 11

ప్రశ్న మార్చాను. ‘ఏం నేర్చుకున్నావు’ అంటే పాఠం పేరు అప్పజెబుతున్నారు. అందుకని ‘ఎక్కడ ఆగిపోయావు?’ అన్నాను. తెలుగులో రాసినా సరే అన్నాను.

ఒక జవాబు: ‘తెలుగులో అనుకుని ఇంగ్లీషులోకి మార్చేలోపు మీరు పక్కవాణ్ణి అడిగేస్తారు.’

టీచర్లు ప్రశ్న వేశాక ఒక్క సెకను మించి ఆగరని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడుగవుతాయని మేరీ బడ్ రో అనే అమెరికా ఆవిడ 1970ల్లోనే చెప్పింది. బీఎడ్‌లో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. పక్కవాణ్ణి అడగడం మాత్రం మానలేదు.

జులై 16

టైపింగ్ వద్దు, వాట్సాప్‌లో వాయిస్ పంపమన్నాను. గ్రూపులో కాదు, నాకొక్కదానికే. ఫోన్లు నాన్నలవి. వాళ్లు పొలం నుంచో, ఆటో ఇంటికి చేర్చో వస్తేగానీ పిల్లల చేతికి రావు. రాత్రి ఎనిమిదిన్నర నుంచి నా ఫోనుకు తెరిపి లేదు. ఒకదాంట్లో పిల్ల కష్టపడి ఇంగ్లీషు వాక్యం కూడదీసుకుంటుంటే వెనకనుంచి నాయనమ్మ: “ఏటే, ఎవులితో మాటాడతన్నావ్?”

జులై 22

నిన్న రాత్రి ఒక కుర్రాడి నంబరు నుంచి ‘ఈ మెసేజ్ తొలగించారు’ అని వరసగా ఆరు. ఏడోది 14 సెకన్ల వాయిస్. పొద్దున పిలిచి అడిగాను.

“పంపీసి విన్నాను టీచర్. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అనీసాను. ఏదో తేడాగుంది. మళ్లీ చెప్పినా అదే వచ్చింది.”

“తేడా ఎక్కడుంది?”

చాలాసేపు నిలబడ్డాడు. నేనూ ఆగాను, మూడు సెకన్లకు మించే. “‘డిడ్’లోనే నిన్న ఉంది కదా, మళ్లీ ‘వెంట్’ ఎందుకు?” అన్నాడు. తర్వాత వాడే, “మనమూ ‘వెళ్లానులేదు’ అనం కదా. ‘వెళ్లలేదు’ అంటాం.”

ఆ తప్పును ఎర్ర ఇంకుతో ఎన్ని వందలసార్లు దిద్దానో. తెలుగులోనూ ‘లేదు’ వచ్చాక క్రియ తన కాలాన్ని వదిలేస్తుందని నాకెప్పుడూ తట్టలేదు. ఏడో వాయిస్ మామూలుగానే ఉంది. పని జరిగింది ఆ చెరిపేసిన ఆరింటిలో.

ఆగస్టు 2

ఆన్‌లైన్‌లో ప్యాడ్‌లెట్ గోడ తెరిచాను, పేర్లు లేకుండా రాసుకోమని. పావుగంటలో ఇద్దరు హీరోల అభిమానులు గోడంతా పంచుకున్నారు. మూసేశాను.

ఆగస్టు 6

కిటికీ పక్క పిల్ల వాయిస్: యూనిట్ టెస్టులో జీరో వస్తుందేమోనని భయంగా ఉందట. ‘జీరో’ను మన ‘జ’తో పలికింది. ఇంగ్లీషులో ఆ అక్షరం ఎలా పలకాలో 40 సెకన్లు చెప్పి పంపాను. తను చెప్పింది భయం గురించి.

ఆగస్టు 20

కిటికీ పక్క నుంచి వాయిస్‌లు లేవు. తరగతిలో అడిగితే “ఛార్జింగ్ లేదు టీచర్.” రెండు వారాలుగా.

ఆగస్టు 29

గిడుగు రామమూర్తి జయంతి. అసెంబ్లీలో మాట్లాడే పని నామీద పడింది. బడుల తనిఖీకి వచ్చిన యేట్స్ దొరకు, తెలుగులో జనం మాట్లాడేదొకటి, పుస్తకంలో రాసేదొకటి ఎందుకో అర్థం కాలేదని, ఆ ప్రశ్న గిడుగును పట్టుకుందని చెప్పాను. సవర మాట్లాడే మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్న సంగతీ చెప్పాను. దిగగానే హెడ్మాస్టరు గారు, “అంతా బాగుందమ్మా, ఇంగ్లీషు క్లాసుకి ఈ తెలుగు వాయిస్‌లెందుకు?” అన్నారు. ‘వెళ్లానులేదు’ కథ చెప్పాను. నవ్వారు. ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు.

సెప్టెంబరు 10

ఒకడు ఇంగ్లీషులో పేజీ నిండా టైపు చేసి పంపాడు. అందులో ‘మై లెర్నింగ్ జర్నీ’ నాలుగుసార్లు. జర్నీ అంటే ఏంట్రా అన్నాను. “ప్రయాణం టీచర్.” ఎక్కడికెళ్లావు? “ఎక్కడికీ వెళ్లలేదు టీచర్. ఏఐ రాసింది.” ఈ నెలలో నాకొచ్చిన నిజాయితీ గల జవాబు ఇదే.

సెప్టెంబరు 18

రాత్రి 9.20కి కిటికీ పక్క పిల్ల. ఒక నిమిషం పైనే, సగం తెలుగు. పాఠం బయటికి చదవమంటే గొంతు ఆగిపోతోందట. ఒంటరిగా అయితే చదవగలదట. రేపు అసెంబ్లీకి ముందు వచ్చి నాకొక్కదానికే చదివి వినిపించనా అని అడిగింది. ‘జీరో’ మళ్లీ వచ్చింది, అదే ‘జ’తో.

‘రా’ అని పంపాను.