ఇంటి లోపలి ఫొటో



మొదటి ఏడాది క్లాసులో 'మా ఇల్లు' గురించి ఫొటోలు చూపించి మాట్లాడమన్నారు. మా హాస్టల్ గదిలో ఉండే నలుగురం చెట్టు, వాగు, కొండ చూపించాం. ఇంటి లోపలి ఫొటో ఒక్కటీ పెట్టలేదు. పొగపట్టిన దూలం, దండెం మీద బట్టలు, వెదురు చీల్చే కత్తి ఎవరు చూస్తార్లే అనుకున్నాం. నిజం చెప్పాలంటే సిగ్గుపడ్డాం.

ఈ ఏడాది లైబ్రరీలో ఒక పుస్తకంలో మెరోడ్ ఆల్టర్‌పీస్ అనే బొమ్మ చూశాం. ఇప్పటి బెల్జియంలోని టూర్నే పట్నంలో రాబర్ట్ కాంపిన్ అనే చిత్రకారుడు ఉండేవాడు. ఆయన పనిశాలలో సుమారు 1427-1432 మధ్య దీన్ని మూడు ఓక్ పలకల మీద నూనెరంగులతో వేశారు. ఇప్పుడు న్యూయార్క్‌లోని క్లోయిస్టర్స్ మ్యూజియంలో ఉంది.

కథ బైబిల్లోది. మరియమ్మకు ఏసు పుడతాడని చెప్పడానికి దేవదూత వచ్చాడు. వచ్చింది గుడికి కాదు, ఒక మామూలు గదికి. అక్కడ బల్ల ఉంది, వేలాడే నీళ్ల పాత్ర ఉంది, పక్కనే తుండుగుడ్డ ఉంది. అప్పుడే ఆరిన కొవ్వొత్తి పొగ కూడా ఉంది. మరియమ్మ పుస్తకం చదువుకుంటోంది, దూతను ఇంకా చూడనేలేదు. కుడి పలకలో యోసేపు వడ్రంగం చేస్తున్నాడు. ఆయన బల్ల మీద మేకులు, సుత్తి, ఎలుకల బోను.

ఆ బోను ఎందుకో మేయర్ షాపిరో అనే పండితుడు 1945లో రాశాడు. శిలువ సైతానును పట్టిన బోను అని సెయింట్ అగస్టీన్ పోల్చాడట. నీళ్ల పాత్ర, తుండుగుడ్డ మరియమ్మ పవిత్రతకు గుర్తులని కూడా అంటారు. నిజమే కావచ్చు. కానీ ముందు అది ఎలుకను పట్టే బోను అయితేనే కదా ఆ అర్థం నిలబడేది!

ఒకటి ఒప్పుకోవాలి, అది పేదల ఇల్లు కాదు. కిటికీ అద్దాల్లో వంశ చిహ్నాలున్న కలిగినోళ్ల ఇల్లు. అయినా చిత్రకారుడు నజరేతు ఎలా ఉంటుందోనని వెతుక్కోలేదు. తనకు తెలిసిన ఇంట్లోకే దేవదూతను రప్పించాడు. ఎడమ పలకలో బొమ్మ వేయించుకున్న దంపతులు బయట మోకరిల్లి, తెరిచిన తలుపువైపు చూస్తున్నారు. డబ్బిచ్చినవాళ్లు కూడా ఆ గది బయటే ఉన్నారు.

మొన్న సెలవులకు వెళ్లినప్పుడు నలుగురం ఇంటి లోపల ఫొటోలు తీశాం. మాలో ఒకడి నాన్న బుట్ట అల్లుతూ, "ఆగరా, కాస్త సర్దనియ్యి" అన్నాడు. వద్దన్నాం. వెదురు పేళ్లు నేలమీద అట్లాగే ఉన్నాయి.

ఈసారి క్లాసులో అవే చూపిస్తాం.