వాడ ముచ్చట్లు: ముప్పై ఒకటో పిల్ల

2024 జనవరిలో రాష్ట్రమంతా స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ఎన్నికలు జరిగాయి. పార్టీ గుర్తులు లేని ఎన్నికలు. ఇబ్రహీంపట్నం పక్కనున్న మా ఊళ్లో మాత్రం చైర్మన్ ఏ పార్టీ మనిషో ముందు రాత్రే ఒక పటేల్ అరుగు మీద తేలిపోయింది.

చట్టం ఏమంటుంది? 2009 విద్యా హక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు ఆ బడి పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మా ప్రైమరీ బడి పిల్లలు దాదాపు అందరూ మా వాడవాళ్లే. పెద్దిండ్ల పిల్లలు పసుపు బస్సెక్కి ఇబ్రహీంపట్నం పోతారు.

ముందు రాత్రి నేనే అన్నాను, "ఎందుకు వదినా లొల్లి" అని. వదిన వినలేదు. పొద్దున బళ్లో పెత్తనం చేస్తున్న పటేల్‌ని లేచి అడిగింది:

"పటేలా, మీ బాబు ఈ బళ్లె ఏ తరగతిల ఉన్నడు?"

"గదంత నీకెందుకే?"

ఆమె "మీ" అంటే ఆయన "ఏ" అన్నాడు. జవాబు మాత్రం చెప్పలేదు.

చేతులెత్తించారు. ఎనిమిది, ఏడు. వదిన ఓడింది. గెలిచింది మా వాడ మనిషే, ఆ పటేల్ దగ్గర జీతమున్నాయన. సంతకం ఈయనది, మాట ఆయనది. ఈయన్ని తిట్టలేను. జీతం పోతే పొయ్యి వెలగదు.

ఇంత కొట్లాట దేనికి? సమగ్ర శిక్ష లెక్కలో 30 మంది వరకు ఉన్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు. 31 నుంచి 100 వరకు 25,000. చాక్‌పీసులు, రిజిస్టర్లు, కరెంటు, మరమ్మతులు, మరుగుదొడ్లు కడగడం అన్నీ అందులోనే. నెలకు 833 రూపాయలు! అసలు ఆశ పనుల మీద. 2022లో 'మన ఊరు మన బడి' పనులు ఈ కమిటీల చేతుల మీదుగానే నడిచాయి. 2024లోనే పనులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలకు పోయాయి. వాటికి పెద్ద మహిళా సంఘం అధ్యక్షురాలు. ఆడవాళ్ల చేతికి పైసలు రావడం మంచిదే. కానీ తల్లిదండ్రులు చేతులెత్తి ఎన్నుకున్న కమిటీకి మిగిలింది ఆ 10,000.

మా బడి రిజిస్టర్‌లో 30 పేర్లు. ఇంకొక్క పేరుంటే 15,000 ఎక్కువ. ఆ రాత్రి వదినకు ఈ లెక్క చెప్తున్నాను. ఆమె ఏమీ అనలేదు. గడప దగ్గరున్న నా బిడ్డ బూట్ల వైపు చూసింది.

నా బిడ్డ ఎక్కేదీ పసుపు బస్సే.

1910లో భాగ్యరెడ్డి వర్మ ఇసామియా బజార్‌లో మన పిల్లల కోసం బడి పెట్టిన సంగతి కాలేజీలో నేను గొంతెత్తి చెప్తాను. ఊళ్లో బడి నూరు గజాల్లో ఉంది. ఐదు తరగతులకు ఇద్దరు టీచర్లని భయం. భయం నిజమే. కానీ ఆ ముప్పై మంది తల్లులకూ అదే భయం ఉంది, బస్సు ఫీజే లేదు.

వదిన పటేల్‌ని అడిగిన ప్రశ్న నన్ను ఇంకా అడగలేదు. జూన్‌లో బడిబాట వాళ్లు మా గడపకొస్తారు. అప్పటికి జవాబు నేనే చెప్పాలి.

జై భీమ్.