కిరాయి గాడీ

మా ఆపా కొడుకు నౌకరీ మీద మెక్సికోలోని గ్వాదలహారా పోయి ఎనిమిది నెలలైంది. పోయేముందు హైదరాబాద్‌లోనే స్పానిష్ నేర్చుకున్నాడు. నేర్పిన ఉస్తాద్‌ది స్పెయిన్ జబాన్. వెళ్లిన మొదటి వారమే ఆఫీసులో "కారు తీసుకుని వస్తా" అన్నాడట. తీసుకోవడానికి స్పెయిన్‌లో 'కోహేర్' అంటారు, షరీఫ్ మాటే. మెక్సికోలో, అర్జెంటీనాలో అదే లఫ్జ్ పచ్చి బూతు! అందరూ పగలబడి నవ్వారు. ఆ రాత్రి ఫోన్ చేసి, "మామూ, ఇక నోరు విప్పను" అన్నాడు.

నా దిల్ కలుక్కుమంది. ఎందుకో తర్వాత చెప్తా.

ఆ రోజు నుంచి వాడు మాటలు ఏరి పంపడం, నేను వెతికి చూడడం మా ఇద్దరి షౌక్ అయింది. కారునే తీసుకోండి. స్పెయిన్‌లో 'కోచే'. కొలంబియాలో 'కార్రో'. అర్జెంటీనా, చిలీల్లో 'ఔతో'. గ్వాతెమాలాలో 'కోచే' అంటే పంది! మెక్సికో కుర్రాళ్లు ముద్దుగా 'నావే' అంటారు, అంటే ఓడ. మన 'నావ'కి దూరపు రిష్తేదార్. బండి నడపడం స్పెయిన్‌లో ఒక మాట, మెక్సికోలో 'మనేహార్'. పెట్రోలు అర్జెంటీనాలో 'నఫ్తా', మన ఫార్సీ నఫ్త్‌కి చుట్టం. చిలీవాడు "టాకోలో ఇరుక్కున్నా" అంటే ట్రాఫిక్‌లో ఆగిపోయాడని మతలబ్. మెక్సికోవాడికేమో టాకో అంటే తినేది.

పేదల గాడీలకే పేర్లు ఎక్కువ. మెక్సికోలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ని 'వోచో' అంటారు. ప్వేబ్లా ఫ్యాక్టరీలో ఆఖరి బండి 2003 జులైలో తయారైంది, పేరు మాత్రం ఇంకా బతికే ఉంది. ఒకప్పుడు ఒక పెసో తీసుకున్నందుకు అక్కడి షేర్ బండి 'పెసేరో' అయింది. చార్జీ ఎంత పెరిగినా పేరు మారలేదు. క్యూబాలో 1950ల నాటి అమెరికా కార్లు మన షేర్ ఆటోల్లాగా జనాన్ని ఎక్కించుకుని తిరుగుతాయి. వాటిని 'అల్మెంద్రోన్' అంటారు, పెద్ద బాదాం అని.

ఇక నా కిస్సా. మా అబ్బాది సొంత ఆటో కాదు. రోజూ సేట్‌కి కిరాయి కట్టి నడిపేవాడు. ఉర్దూ మీడియంలో చదివి డిగ్రీకి తెలుగు తీసుకున్నాక, ఒక వ్యాసంలో "మా నాన్న కిరాయి ఆటో నడుపుతాడు" అని రాశాను. లెక్చరర్ సార్ 'కిరాయి' మీద ఎర్ర గీత కొట్టి, పైన 'అద్దె' అని రాశారు. క్లాసంతా వినేలా, "ఇది తెలుగు కాదు బాబూ" అన్నారు. నవ్వులు. అబ్బా బతుకునే కొట్టేసినట్టు అనిపించింది. తర్వాత ఏళ్లపాటు ఆ మాట నా కలంలోకి రాలేదు. ఎన్నో వార్తల్లో 'అద్దె' అనే రాశాను.

మొన్న మా భాంజా ఒక బోర్డు ఫొటో పంపాడు. అద్దెకు కార్లు ఇచ్చే దుకాణం. దాని మీద 'అల్కిలేర్' అని ఉంది. వెతికి చూశాను. అరబ్బీ 'అల్ కిరా'! 711లో అరబ్బులు అందలూస్‌లో అడుగుపెట్టారు, 1492లో గ్రనడా పోయింది. హుకూమత్ పోయినా ఈ లఫ్జ్ మిగిలింది, సముద్రం దాటి మెక్సికో చేరింది. అదే అరబ్బీ మాట ఫార్సీ మీదుగా ఇటు వచ్చి కిరాయా అయింది, మా అబ్బా నోట్లో కిరాయి అయింది.

చాలాసేపు ఆ ఫొటో చూస్తూ కూర్చున్నా. అబ్బా ఉంటే చూపించేవాణ్ని.

వాడికి ఫోన్ చేసి ఎర్ర గీత సంగతి మొదటిసారి చెప్పాను. "నువ్వు తప్పు మాట అనలేదు బేటా. వేరే ఊరి మాట అన్నావంతే. మాట్లాడు" అన్నాను.

జుమ్మా రోజు మెసేజ్ పెట్టాడు. మెక్సికోలో లిఫ్ట్‌ని 'అవెంతోన్' అంటారట, అసలు అర్థం నెట్టుడు. ఆఫీసులో ఒకతన్ని, "నాకో అవెంతోన్ ఇస్తావా" అని అడిగాడట. అతను నవ్వలేదు. ఇంటి దాకా దింపి వెళ్లాడు.