తోక ఉన్న కారు

కారుకి ఇల్లు తగిలించుకుని కొండలెక్కడమంటే మాటలా? డెన్వర్ నుంచి ఆస్పెన్‌కి ఇండిపెండెన్స్ పాస్ మీదుగా దగ్గరదారి అంటారు మావారు. ఆ కనుమ ఎత్తు 12,095 అడుగులు. బండీ ట్రైలరూ కలిపి 35 అడుగులు దాటితే ఆ దారిన పోకూడదు. జాకెట్లు కొలిచే టేపు ఎనిమిదిసార్లు పరిచి కొలిచాను. సరిగ్గా 40!

"ఎవరు కొలిచి చూస్తారోయ్?" అన్నారు.

"ఎవరూ చూడరు సరే, ఇరుకు మలుపులో ఎదురుబండి వస్తే వెనక్కి నడిపేదెలాగండీ? లోపల పిల్లలుంటారు" అన్నాను.

ఆయన మరి మాట్లాడలేదు. ఐసెన్‌హోవర్ సొరంగం గుండా, గ్లెన్‌వుడ్ స్ప్రింగ్స్ చుట్టుతిరిగే దారి ఖాయమైంది. అక్కడా దిగుడు ఉంది. అదేపనిగా బ్రేకు తొక్కితే వేడెక్కి పట్టు తప్పుతుంది; ముందే లో గేరులో వేసుకుని నెమ్మదిగా దిగాలి.

సంసారమూ అంతే కదండీ! వెనక బరువున్నవాళ్లు ముందు చూసుకోవలసింది తాము పట్టే దారి.